సైనస్ ఆపరేషన్ తర్వాత ఎవరు చెప్పినా వినకూడని సలహాలు

సైనస్ ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు గాలి హాయిగా ఆడుతుంది. ఆ తర్వాత కొందరికి మళ్లీ మొదలవుతుంది. పొద్దున లేవగానే గొంతులోకి చిక్కటి తెమడ జారుతుంది, రుమాలులో పచ్చటి చీము కనిపిస్తుంది, కాఫీ వాసన తెలియదు. డబ్బు పోసి, నొప్పి భరించి కోయించుకున్నా తిరగబెట్టిందన్న దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులు పైకి చెప్పుకుంటే చాలు, ఆఫీసు క్యాబ్‌లో ఒకరు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకరు, మందుల షాపు కౌంటర్ దగ్గర ఒకరు, ఊరి నుంచి ఫోన్లో పెద్దమ్మ, అందరూ తలా ఒక సలహా ఇస్తారు.

హైదరాబాద్ శివారు గోపన్‌పల్లిలో ఉంటూ ఇవన్నీ నేను విన్నవే. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ వీటిలో కొన్ని జబ్బును ముదరబెడతాయి, ఒకటి రెండు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని, ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో రాస్తున్నాను. అన్నిటికీ కలిపి నేను చెప్పేది ఒక్కటే: చీము తిరిగి వస్తే ముందు లోపల చూడాలి, తర్వాత పరీక్షకు పంపాలి, ఎందుకు వచ్చిందో వెతకాలి. మందు ఆ తర్వాత.

1. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంక ముక్కు కడగక్కర్లేదు"

ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులే సైనస్‌లు. వాటి లోపలి పొర మీద కంటికి ఆనని సన్నటి తంతువులుంటాయి. అవి సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, పైన పేరుకున్న జిగురును గది ద్వారం వైపు నెడుతుంటాయి. బుగ్గ ఎముకలోని గదికి ద్వారం పైభాగంలో ఉంటుంది. కాబట్టి అక్కడి జిగురు పైకెక్కి బయటపడాలి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి పరిశీలించి ఈ దారులను చూపించారు. ఇవాళ మనకు చేసే ఎండోస్కోపు ఆపరేషన్‌కు ఆధారం అదే. అమెరికాలో డేవిడ్ కెనెడీ 1985లో రాసిన వ్యాసాలతో దానికి 'ఫంక్షనల్' అన్న పేరు స్థిరపడింది.

ఆపరేషన్ ఆ ద్వారాన్ని వెడల్పు చేస్తుంది. లోపలి పొర వాపు, తంతువుల నీరసం మాత్రం ఆ రోజే పోవు. అవి కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా జిగురును, పెచ్చులను బయటికి పంపే పని ఉప్పునీళ్లు చేయాలి. పైగా ఇంతకుముందు గదుల్లోకి వెళ్లలేని నీళ్లు, మందు ఇప్పుడే వెళ్లగలవు. డాక్టర్ చెప్పిన రోజు నుంచి, చెప్పినన్ని సార్లు కడగండి. పెచ్చులు తీయడానికి రమ్మన్న రోజున ఆఫీసులో రిలీజ్ ఉన్నా సరే, వెళ్లి తీయించుకోండి. ఆ పెచ్చుల కిందే చీము చేరుతుంది, కోసినచోట పొరలు అతుక్కుపోతాయి.

2. "ఆర్వో నీళ్లు శుభ్రమే, కాచక్కర్లేదు"

ఈ సలహా ప్రాణం తీయగలదు. మన దగ్గర చాలా ఇళ్లకు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసి వస్తాయి. తాగడానికి ఆర్వో మిషనో, ఇరవై లీటర్ల క్యానో ఉంటుంది. ఆర్వో నీళ్లు తాగడానికి పనికొస్తాయి. కానీ ఫిల్టర్ దాటాక ట్యాంకులో, కుళాయిలో, క్యాన్ మూతి దగ్గర సూక్ష్మజీవులు చేరవచ్చు. కడుపులోకి వెళితే వాటిలో చాలావాటిని ఆమ్లం చంపేస్తుంది. ముక్కులో ఆ కాపలా లేదు.

నెగ్లేరియా ఫౌలరీ అనే అమీబా మింగితే ఏమీ చేయదు. ముక్కు ద్వారా వెళితే మెదడుకు చేరి దాదాపు ప్రతిసారీ చంపుతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు అలాగే చనిపోయారు. కేరళలో 2024లో చెరువుల్లో, వాగుల్లో దిగిన పిల్లలు కొందరు ఈ జబ్బుతోనే పోయారు. ఇది అరుదైన జబ్బే, కానీ నీళ్లు కాచుకుంటే ఆ భయమే ఉండదు.

పద్ధతి ఇది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక నిండుగా ఒక నిమిషం మరగనివ్వాలి. బాగా ఎత్తయిన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు కావాలి కానీ, సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న హైదరాబాద్‌కు ఒక నిమిషం చాలు. మూత పెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వాలి. 240 మిల్లీలీటర్ల సీసాకు సుమారు 2 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాలో మూడో వంతు, అందులో చిటికెడు వంట సోడా వేయాలి. అయోడిన్ కలిపిన ఉప్పు కొందరికి మంట పుట్టిస్తుంది. మందుల షాపులో దొరికే ప్యాకెట్లు వాడితే కొలతల బాధ కూడా ఉండదు. సింకు మీదికి వంగి, నోరు తెరిచి గాలి పీలుస్తూ, సీసాను మెల్లగా నొక్కాలి. ఒక పక్క పోసిన నీళ్లు రెండో పక్క నుంచి వస్తాయి. గట్టిగా నొక్కితే చెవిలోకి ఎక్కుతాయి.

సీసా సంగతి చాలామంది మరిచిపోతారు. కడిగిన ప్రతిసారీ సబ్బుతో తోమి, కాచిన నీళ్లతో తొలిచి, తలకిందులుగా ఆరబెట్టాలి. మూత బిగించి తడి బాత్రూంలో పెడితే ముక్కులోకి చీము క్రిములను మన చేత్తో మనమే పంపినట్టు. మూడు నెలలకోసారి కొత్త సీసా కొనండి.

3. "పోయినసారి రాసిన మందే మళ్లీ కొనుక్కో"

"అన్నా, గిదే కదా పోయినసారి రాసిండు, ఐదు రోజులు వేస్కో, తగ్గిపోతది" అంటాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. సెఫిక్సిమ్, సెఫ్పోడాక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 మార్చి 1 నుంచి మన దేశంలో షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల లెక్క రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ నియమం మన కోసమే పెట్టారు.

ఆపరేషన్‌కు ముందు వచ్చిన చీములోని బ్యాక్టీరియా, ఇప్పుడొచ్చిన చీములోని బ్యాక్టీరియా ఒకటే కానక్కర్లేదు. ఆపరేషన్ అయిన ముక్కుల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా తరచుగా కనిపిస్తాయి. ఉన్నది సూడోమోనాస్ అయితే అమాక్సిసిలిన్-క్లావులానేట్ పది రోజులు మింగినా ఫలితం ఉండదు, అజిత్రోమైసిన్ కూడా పనిచేయదు. మాత్రల రూపంలో దాని మీద పనిచేసేది సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కుటుంబమొక్కటే. ఆ కుటుంబాన్ని జలుబుకీ, జ్వరానికీ, గొంతునొప్పికీ వాడి ముందే మొద్దుబార్చుకుంటే, నిజంగా అవసరమైన రోజున చేతిలో మాత్ర మిగలదు. అప్పుడు సెలైన్ పెట్టించుకుని ఇంజెక్షన్లు ఎక్కించుకోవాలి.

ఈ సంగతి మనకు మరీ దగ్గరిది. గోపన్‌పల్లి నుంచి పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మందుకు లొంగని బ్యాక్టీరియా ఎలా తయారవుతుందో ప్రపంచానికి తెలియజెప్పిన చోట్లలో మన పక్క ఊరు ఒకటి. ఆ మందుల విలువ మిగతావాళ్లకంటే మనకు బాగా తెలియాలి.

4. "దీనికి తగ్గలేదా, ఇంకా పవరున్నది వాడు"

డోసు పెంచితే లొంగుతుందనుకోవడం సహజమే. కానీ తిరగబెట్టిన సైనస్‌లో బ్యాక్టీరియా చాలాసార్లు విడివిడిగా ఉండదు. చెరువులో రాయి మీద పాచి పట్టినట్టు లోపలి పొరకు అంటుకుని, తన చుట్టూ జిగురు గూడు కట్టుకుని గుంపుగా బతుకుతుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పీటర్-జాన్ వార్మాల్డ్ బృందం చేసిన పరిశోధనల్లో, స్టెఫైలోకాకస్ బయోఫిల్మ్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు ఎక్కువగా మిగులుతున్నట్టు కనిపించింది.

గూటిలో ఉన్న బ్యాక్టీరియాను చంపాలంటే విడిగా ఉన్నప్పటికంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ మందు కావాల్సి రావచ్చు. అంత మందు మాత్రల ద్వారా ఒంట్లోకి పంపడం కుదరదు. మాత్ర మింగితే పైపైన తిరిగే బ్యాక్టీరియా చస్తుంది, చీము తగ్గుతుంది, మనకు నయమైనట్టు ఉంటుంది. మానేసిన కొన్నాళ్లకు గూట్లోంచి మళ్లీ బయటికొస్తుంది. ఈ చక్రంలో పడి ఏడాది పొడవునా యాంటీబయాటిక్ కోర్సుల మీదే బతికేవాళ్లున్నారు. గూటిని కదిలించేవి రోజూ చేసే ఉప్పునీటి కడుగుడు, క్లినిక్‌లో ఎండోస్కోపు పెట్టి చీమును, జిగురును పీల్చి తీయడం, వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే.

'పవరున్న' మాత్రలకు వాటి ఖర్చు వాటికుంది. లెవోఫ్లాక్సాసిన్ మడమ వెనుక స్నాయువును దెబ్బతీయవచ్చు, షుగర్‌ను పైకీ కిందికీ లాగవచ్చు. లోపల క్షయ ఉంటే దాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చి, పట్టుకోవడం ఆలస్యం చేయవచ్చు కూడా.

5. "కల్చర్ పరీక్ష దండగ, ఎలాగూ ఏదో ఒక మందు రాస్తారు"

ఈ పరీక్షే దారి చూపిస్తుంది. ముక్కులో మొద్దుబార్చే మందు చిమ్మి, సన్నటి ఎండోస్కోపు లోపలికి పోనిస్తారు. పక్కన తెర మీద అంతా కనబడుతుంది. గులాబీ రంగు పొర, అక్కడక్కడ పెచ్చు, ఆపరేషన్‌లో తెరిచిన ద్వారం అంచున పసుపుపచ్చగా నిలిచిన చీము. డాక్టర్ సన్నటి దూది పుల్లను, లేదా చీమును పీల్చే గొట్టాన్ని ముక్కు రంధ్రం అంచుకు తగలనీయకుండా నేరుగా ఆ చీములోకే పోనిచ్చి తీస్తారు. అంచుకు తగిలితే మామూలుగా అక్కడ కాపురముండే స్టెఫైలోకాకస్ వచ్చి రిపోర్టును పాడుచేస్తుంది. అందుకే ఇంట్లో రుమాలులోకి చీదినది ఈ పరీక్షకు పనికిరాదు.

రిపోర్టుకు సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఏ బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్నది అందులో ఉంటుంది. జ్వరం, కంటి వాపు లాంటివి లేకపోతే ఆ రెండు మూడు రోజులు ఆగినందువల్ల నష్టం లేదు. అయితే బ్యాక్టీరియా పెరిగినంత మాత్రాన మందు వేయాలనీ లేదు. చీము, వాపు ఉన్నాయా అని చూసిన కన్ను, రిపోర్టులోని పేరు, రెండూ కలిస్తేనే నిర్ణయం. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా దాచుకోండి.

6. "ముక్కు జబ్బుకు పళ్ల డాక్టరెందుకు"

చీము ఒక పక్క నుంచే వస్తోందా? కుళ్లిన కంపు కొడుతోందా? అయితే పై దవడలో వెనక పళ్లను చూపించుకోండి. ఆ పళ్ల వేర్లు బుగ్గ ఎముకలోని సైనస్ గది నేలకు ఆనుకుని ఉంటాయి, కొందరిలో గదిలోకే పొడుచుకొస్తాయి. పుచ్చిన పన్ను, అరకొరగా చేసిన రూట్ కెనాల్, గదిలోకి జారిన ఇంప్లాంట్, పన్ను పీకినచోట మిగిలిన చిల్లు, వీటిలో ఏదున్నా పైన గదిలో చీము పుడుతూనే ఉంటుంది. పంటినొప్పి లేకుండానే ఇదంతా జరగవచ్చు. పన్ను సంగతి తేల్చకుండా ముక్కుకు ఎన్నిసార్లు ఆపరేషన్ చేసినా తిరగబెడుతుంది. పాత సీటీ స్కాన్‌లో పంటి వేర్ల దాకా చూశారా అని ఈఎన్‌టీ డాక్టర్‌ను అడగండి.

7. "అమ్మో స్టెరాయిడ్ స్ప్రేనా, మానెయ్"

మింగే స్టెరాయిడ్ మాత్రలు వేరు, ముక్కులో కొట్టే స్ప్రే వేరు. మాత్రలు ఎక్కువ రోజులు వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. వాటిని డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి. మోమెటాసోన్, ఫ్లూటికాసోన్ స్ప్రేలు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. వాటి పని లోపలి వాపును అణచడం. ముఖ్యంగా ముక్కులో పాలిప్స్ అనే మెత్తటి కండలు ఉన్నవాళ్లు బాగుందని మానేస్తే వాపు తిరిగొస్తుంది, ద్వారం మూసుకుంటుంది, వెనకే చీము.

ముందు ముక్కు కడిగి, కాసేపాగి స్ప్రే కొట్టండి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొడితే మందు నడిమి గోడకు తగలకుండా బయటి గోడ వైపు వెళుతుంది, రక్తం కారడం తగ్గుతుంది. మానాల్సింది దిబ్బడ వదిలించే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలను. అవి నాలుగైదు రోజులు దాటితే దిబ్బడను తామే పెంచుతాయి.

8. "ఆవిరి పట్టు, తుమ్మి ఆకు రసం పిండు"

ఆవిరి పట్టినప్పుడు హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసం జాగ్రత్తగా పట్టుకుంటే తప్పులేదు. కానీ దీర్ఘకాలపు సైనస్ బాధలకు ఆవిరి ఏమైనా పనిచేస్తుందా అని బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల దగ్గరికి వచ్చే రోగుల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఉప్పునీటి కడుగుడుతో కొంత మేలు కనిపించింది, ఆవిరితో కనిపించలేదు. మరిగే గిన్నె ఒళ్లో బోర్లా పడి కాలినవాళ్లు ఆస్పత్రులకు వస్తూనే ఉంటారు. ఆపరేషన్ అయిన కొత్తలో వేడి తగిలితే రక్తం కారే ప్రమాదం కూడా ఉంది.

తుమ్మి ఆకు రసం, ఉల్లి రసం, వెల్లుల్లి రసం, నూనె చుక్కలు ఆపరేషన్ అయిన ముక్కులో వేయకండి. పచ్చి రసంలో మట్టి, ఫంగస్, బ్యాక్టీరియా ఉంటాయి. ఘాటు రసం కోలుకుంటున్న పొరను కాలుస్తుంది. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మామూలు ముక్కు వీటిని ఎలాగో తట్టుకుందేమో కానీ, తెరిచిన గదులున్న ముక్కు తట్టుకోలేదు.

9. "అంతా ఈ దుమ్ము వల్లే, ఇల్లు మార్చు"

గోపన్‌పల్లిలో దుమ్ము ఎక్కువన్నది నిజం. నల్లగండ్ల వైపు చూసినా, తెల్లాపూర్ వైపు చూసినా టవర్లు లేస్తున్నాయి, బండరాళ్లు పగులుతున్నాయి, కాంక్రీటు లారీలు ఆగకుండా తిరుగుతున్నాయి. ఈ దుమ్ము ముక్కు పొరను రేపుతుంది, ఎలర్జీని పెంచుతుంది. బైక్ మీద మాస్కు పెట్టుకోండి, ఇంటికి రాగానే ముక్కు కడగండి. సిగరెట్ తాగేవాళ్లు మానేయండి, దాని పొగ లోపలి తంతువులకు రోడ్డు దుమ్ము కంటే పెద్ద శత్రువు.

అయితే చీమంతా దుమ్ము వల్లేనని తేల్చేస్తే అసలు కారణం దాక్కుంటుంది. అదే గాలి పీల్చే ఇంట్లో మిగతావాళ్లకు రాని చీము మీకే ఎందుకు వస్తోంది? షుగర్ అదుపులో ఉందా? రోగనిరోధక శక్తినిచ్చే ఇమ్యునోగ్లోబులిన్లు తక్కువగా ఉన్నాయా? ఆస్తమా, ఆస్పిరిన్ పడకపోవడం ఉన్నాయా? ఫంగస్ ఎలర్జీ ఉందా? మన దేశంలో అది అరుదేమీ కాదు, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఇవన్నీ పరీక్షల్లో తేలేవే. ఇల్లు మారడానికయ్యే ఖర్చులో చిన్న భాగంతో అయిపోతాయి.

10. "సోమవారం దాకా ఆగి చూద్దాంలే"

కొన్ని లక్షణాలు కనిపిస్తే గంటలు లెక్కపెట్టాలి. కన్ను వాచడం, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, నుదురు వాచి నొక్కితే గుంటపడటం, విపరీతమైన తలనొప్పితో వాంతులు, మెడ పట్టేయడం, మాట తడబడటం, మగతగా ఉండటం. ఆపరేషన్ తర్వాత ముక్కులో ఒక పక్క నుంచి, ముఖ్యంగా వంగినప్పుడు, నీళ్లలాంటి ఉప్పటి ద్రవం కారితే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ముక్కులో నల్లటి పెచ్చు, బుగ్గ మొద్దుబారడం, పై పళ్లు కదలడం ఉంటే బ్లాక్ ఫంగస్ కావచ్చు.

2021 మే నెల మనకు గుర్తుంది. తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించి, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దాని చికిత్సకు నోడల్ కేంద్రం చేసింది. అప్పుడు ఒకటి రెండు రోజులు ఆగినందుకు కన్ను పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఈ లక్షణాలు శనివారం రాత్రి కనిపిస్తే శనివారం రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.

11. "సైనస్ అంటే అంతే, అలవాటు చేసుకో"

అన్నిటికంటే నన్ను బాధపెట్టే సలహా ఇది. నిద్ర లేక, వాసన లేక, మీటింగుల్లో గొంతు సవరించుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లకు ఇది చెప్పకూడని మాట. తిరగబెట్టిన సైనస్‌కు చాలాసార్లు పట్టుకోగలిగే కారణం ఉంటుంది. ఆపరేషన్‌లో తెరిచిన రంధ్రం ఒకటి, సహజ ద్వారం ఇంకొకటి అయితే, జిగురు ఒకదాంట్లోంచి బయటికొచ్చి రెండోదాంట్లోంచి మళ్లీ లోపలికి వెళ్లి తిరుగుతూనే ఉంటుంది. ఆ రెంటినీ కలిపేస్తే ఆగిపోతుంది. మచ్చకట్టి మూసుకున్న నుదుటి గది, తీయకుండా మిగిలిన ఎముక పలక, చీము పట్టి మందమెక్కిన గోడ, గదిలో ఉండ కట్టిన ఫంగస్, ఇవన్నీ కంటికి, స్కాన్‌కు కనిపించేవే. అలాంటి కారణం దొరికితే రెండో ఆపరేషన్‌కు అర్థముంది. కారణం చెప్పకుండా 'ఇంకోసారి చేద్దాం' అంటే మాత్రం మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు.

వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ నోట్స్, అప్పటి బయాప్సీ రిపోర్టు, సీటీ స్కాన్ సీడీ, ఇప్పటిదాకా వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లు, తేదీలు వెంట తీసుకెళ్లండి. నాలుగు ప్రశ్నలు రాసుకుని అడగండి: లోపల చీము ఎక్కడి నుంచి వస్తోంది? కల్చర్‌కు పంపుతున్నారా? పన్ను, షుగర్, రోగనిరోధక శక్తి, ఫంగస్ చూశారా? ఈ మందు ఎన్ని రోజులు, పనిచేసిందని ఎలా తెలుస్తుంది? ఈ నాలుగింటికీ ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే వదలకండి. మందుల షాపు కౌంటర్ దగ్గర దొరికే ఏ మాత్రకన్నా ఆ జవాబులు మీ ముక్కుకు ఎక్కువ మేలు చేస్తాయి.